సైగాన్ పిన్ని

రేపల్లె మునిసిపల్ ఆఫీసులో మరణ ధ్రువపత్రం కోసం వివరాలు చెబుతుంటే, కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి "పుట్టిన ఊరు ఏంటి మేడం?" అంది. చెప్పాను. ఆ అమ్మాయి రెండుసార్లు పలకబోయి మానేసి, "ఏ జిల్లా అండి?" అంది.

"జిల్లా కాదమ్మా. వియత్నాం."

వెనక వరుసలో ఉన్నవాళ్ళు మాటలు ఆపి చూశారు. ఆ అమ్మాయి కాసేపు మౌస్ కదిలించి, "లిస్టులో రావట్లేదండి. ఇతరములు అని పెట్టనా?" అంది.

"పెట్టమ్మా."

"మీరేమవుతారండి ఆవిడకి?"

"మా పిన్ని," అన్నాను.

ఎన్ని తరాలు వెనక్కి వెళ్ళి వెతికినా మా ఇద్దరికీ చుట్టరికం దొరకదు. మాది నిజాంపట్నం దిగువన సముద్రం ఒడ్డున ఒక చిన్న పల్లె. అమ్మా నాన్నా కూలికి వెళ్ళేవాళ్ళు. ఆవిడ సైగాన్‌లో ఒక దర్జీ కూతురు. రేపల్లె మనిషి ఒకాయన, ఆ దేశంలో యుద్ధం ఆపడానికి పెట్టిన కమిషన్‌లో మన దేశం తరఫున టైపిస్టుగా వెళ్ళి, అక్కడ ఆవిడను పెళ్ళి చేసుకుని తీసుకొచ్చాడు. వచ్చిన మూడో ఏడే ఆయన గుండెనొప్పితో పోయాడు. పిల్లల్లేరు. ఆయన వాటాకు వచ్చిన రెండు గదుల పెంకుటింట్లో, వీధి వరండాలో కుట్టు మిషను వేసుకుని ఆవిడ ఉండిపోయింది.

పేరు రాయను. ఏ కాగితంలోనూ ఆ పేరు సరిగ్గా పడలేదు. ఓటరు కార్డులో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉండేది. ఇక్కడ నేను కూడా తప్పు రాస్తే ఆవిడ ఊరుకోదు.

మనిషి పొట్టి. మెడలో ఎప్పుడూ కొలతల టేపు. ఏది ఇచ్చినా, ఏది తీసుకున్నా రెండు చేతులతోనే. కూరలావిడ కొసరుగా వేసిన కొత్తిమీర కట్టను కూడా రెండు చేతులూ చాచి, కొంచెం తలవంచి అందుకునేది. కూరలావిడ మొదట్లో సిగ్గుపడి, తర్వాత్తర్వాత తనూ రెండు చేతులతో ఇవ్వడం మొదలుపెట్టింది.

తెలుగు ఆవిడకు భర్తే నేర్పాడు. మర్యాదగా మాట్లాడాలని అన్నీ 'అండి' కలిపే నేర్పాడు. 'రా', 'పో' అనే మాటలు ఉన్నాయని ఆయన చెప్పనే లేదు. అందుకని గోడ మీద వాలిన కాకిని "పొండి, పొండి" అనేది. వడియాల దగ్గరకొచ్చిన మేకను "ఏంటండి మీరు?" అని అదిలించేది. వీధిలో పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్ళు. ఆవిడా నవ్వేది. కానీ ఎవరైనా "చైనావిడ" అంటే మాత్రం చేతిలో పని ఆపి, "చైనా కాదండి" అని చెప్పి మళ్ళీ మిషను తొక్కేది. ఒకే మనిషికి రోజుకు మూడుసార్లు చెప్పాల్సి వచ్చినా అదే గొంతుతో చెప్పేది.

డెబ్బై ఏడులో, ఉప్పెన వచ్చిన ఏడాది నేను బాపట్లలో టీచర్ ట్రైనింగ్ చదువుతున్నాను. మా ఊళ్ళోకి నీళ్ళు వచ్చాయని తెలిశాక, రెండు రోజులకు ఒక లారీ పట్టుకుని రేపల్లె చేరాను. స్కూల్లో పెట్టిన శిబిరంలో గది గదీ తిరిగాను. మా ఊరి మనిషి ఒకాయన గుర్తుపట్టి, "మీ అమ్మని చైనావిడ తీసుకెళ్ళింది. అదిగో, ఆ వీధిలో," అన్నాడు.

నాన్న గురించి అడిగితే తల దించుకున్నాడు.

నేను వెళ్ళేసరికి అమ్మ వరండాలో గోడకు జారబడి కూర్చుని ఉంది. ఒంటి మీద ఎవరిదో చీర. నన్ను చూసి కూడా లేవలేదు. మిషను దగ్గరున్న ఆవిడ లేచి, లోపలికి వెళ్ళి, గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి రెండు చేతులతో ఇచ్చింది.

"కూచోండి. మీ అమ్మగారు అన్నం తిన్నారండి. కొంచెమే తిన్నారు."

అంతే. ఎవరు, ఏ ఊరు, ఎంతమంది పోయారు, ఏదీ అడగలేదు. మళ్ళీ మిషను ముందు కూర్చుంది. సాయంత్రానికల్లా అమ్మకు ఒక రవిక, నాకు ఒక రవిక కుట్టి మడిచి పెట్టింది. టేపు మెడలోనే ఉంది, నాకు కొలత తీసుకోలేదు. చూసి కుట్టింది. సరిపోయింది.

నాన్న దొరకలేదు.

మేము ఆ ఇంట్లో ఉండిపోయాం. నాలుగో రోజో ఐదో రోజో ఎదురింటి పెద్దావిడ గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా, గొంతు తగ్గించి అడిగింది. "వాళ్ళేమిటోళ్ళమ్మా?"

కులం అడుగుతోందని నాకూ అమ్మకూ అర్థమైంది. అమ్మ చెంగు సర్దుకుని లేవబోయింది. పిన్ని దారం పంటితో తెంపి, "తడిసినోళ్ళండి," అంది.

ఆ పెద్దావిడ ఏమనుకుందో కానీ, మర్నాడు ఒక పాత దుప్పటి తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళింది. పిన్ని నిజంగా కులం సంగతి తెలియక అన్నదా, తెలిసే అన్నదా అని నేను చాలా ఏళ్ళు ఆలోచించాను. ఒకసారి, ఆవిడ నాతో 'అండి' మానేశాక, అడిగాను కూడా. "మీ ఊళ్ళో బియ్యం ఎన్ని రకాలో నాకు తెలుసు, మనుషులు ఎన్ని రకాలో తెలీదా?" అంది.

ఏడాది తిరిగాక మాకు ప్రభుత్వం ఒక తుఫాను ఇల్లు కట్టి ఇచ్చింది. అమ్మ అక్కడికి వెళ్ళింది. నాకు రేపల్లెలోనే బడిలో ఇంగ్లీషు టీచరుగా ఉద్యోగం రావడంతో నేను పిన్ని దగ్గరే ఆగిపోయాను. ఇంగ్లీషు వచ్చిన మనిషి ఇంట్లో ఉందని ఆవిడ ఆఫీసు కాగితాలన్నీ నా చేతికొచ్చాయి. అప్పుడు తెలిసింది, ఆవిడ ఏటేటా గుంటూరు పోలీసు సూపరింటెండెంటు ఆఫీసుకు వెళ్ళి, విదేశీయురాలిగా పేరు నమోదు చేయించుకుని, ఇంకో ఏడాది ఉండడానికి అనుమతి తెచ్చుకోవాలని. భర్త బతికుండగా "పౌరసత్వం సంగతి చూద్దాంలే" అన్నాడట. చూడకుండానే పోయాడు. చాలా ఏళ్ళ తర్వాత గానీ ఆవిడకు అది రాలేదు.

నేను మొదటిసారి తోడు వెళ్ళిన రోజు ఆ సెక్షన్లో ఒక పెద్దాయన ఉన్నాడు. నెమ్మదస్తుడు. పాస్‌పోర్టు అటూ ఇటూ తిప్పి కళ్ళద్దాలు పైకి జరుపుకున్నాడు. అది, యుద్ధంలో ఓడి ఉత్తరంలో కలిసిపోయిన దక్షిణ వియత్నాం ఇచ్చిన పాస్‌పోర్టు. గడువు ఎప్పుడో తీరింది. కొత్తది తెచ్చుకుందామంటే ఇచ్చేవాళ్ళే లేరు.

"ఈ దేశం ఇప్పుడు లేదు కదమ్మా," అన్నాడు.

"అవునండి. దేశం లేదండి. నేను ఉన్నానండి," అంది పిన్ని.

ఆయన నవ్వబోయి ఆగాడు. ప్యూనును పిలిచి కుర్చీ వేయించాడు. అనుమతి ఇచ్చేశాడు. ఆ తర్వాత ప్రతి ఏడూ, మేము వెళ్ళగానే ఆయనే లేచి కుర్చీ జరిపేవాడు.

ఇలా ఉండగా ఒక రోజు మలేషియా తపాలా బిళ్ళ అంటించిన ఉత్తరం వచ్చింది. పిన్ని దాన్ని నిలబడే చదివింది. చదవడం అయ్యాక మొదటికొచ్చి మళ్ళీ చదివింది. తర్వాత కవరును మిషను మీద పెట్టి, దాని మీద అరచెయ్యి ఆనించి, "తమ్ముడండి. బతికున్నాడు," అంది.

ఆవిడకు మిగిలిన ఒకే ఒక్క తోబుట్టువు. యుద్ధం ముగిశాక దేశం వదిలి పడవలో బయటపడ్డాడు. వారం రోజులు సముద్రం మీద ఉండి మలేషియా తీరంలో ఒక శిబిరం చేరాడు. అక్కడ కాందిశీకులను తీసుకెళ్ళే దేశాల్లో ఏ దేశానికి ఆ దేశం ఒక బల్ల వేసుకుని కూర్చుంటుంది. వరుసలో నిలబడి ఒక్కొక్కరే వెళ్ళి తమ కథ చెప్పుకోవాలి. మీకు బయట దేశాల్లో బంధువులెవరైనా ఉన్నారా అని అడుగుతారు. ఇతను సంతోషంగా, మా అక్క ఇండియాలో ఉంది అన్నాడు. అలా అనడమే తప్పయింది. సొంత అక్క ఉంటే అక్క దగ్గరికే వెళ్ళాలి కదా అని అతని ఫైలు పక్కన పెట్టేశారు. ఇండియాకు అక్కడ బల్ల లేదు.

పిన్ని ఆ వారమంతా నేల మీద నిలవలేదు. రెండో గదికి సున్నం వేయించింది. భర్త పాత చొక్కాలు దింపి, కొలతలు ఊహించుకుని చిన్నవి చేసింది. నెత్తళ్ళనే చిన్న చేపలను ఉప్పులో ఊరబెట్టి, వాళ్ళ దేశంలో అన్నంలో కలుపుకునే చేపల ఊట తీసే జాడీని, డాబా ఉన్నవాళ్ళ మేడ మీద ఎండకు పెట్టించింది. ఆ వాసనకు వీధి వీధంతా ముక్కు మూసుకుంది. "తమ్ముడు వస్తున్నాడండి," అని ఒక్కొక్కరికీ చెప్పి బతిమాలుకుంది.

సెలవు పెట్టి ఆవిడతో గుంటూరు వెళ్ళాను. పెద్దాయన ఉత్తరం సంగతంతా విన్నాడు. చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టడం, పెట్టి తీయడం చేశాడు.

"అమ్మా, మన దేశంలో కాందిశీకుల కోసం ఒక చట్టమంటూ లేదు. టిబెట్టు వాళ్ళు వచ్చినప్పుడు వాళ్ళకి వేరే ఆర్డరు ఇచ్చారు. తూర్పు బెంగాలు వాళ్ళకి వేరే. బర్మా నుంచి వచ్చేసిన మనవాళ్ళకి వేరే. వియత్నాం వాళ్ళ గురించి నా దగ్గరికి ఏ ఆర్డరూ రాలేదు."

"రావద్దని ఆర్డరు ఉందాండి?"

"అదీ లేదమ్మా."

"అయితే రావచ్చాండి?"

ఆయన నా వంక చూశాడు, నన్నైనా అర్థం చేసుకోమన్నట్టు. ఢిల్లీకి రాయమని చిరునామా ఇచ్చాడు. రాశాం. నాలుగు నెలలకు జవాబు వచ్చింది. మీ అర్జీ అందింది, ప్రస్తుతం అటువంటి ఏర్పాటు ఏదీ లేదు అని. ఈలోగా తమ్ముడి దగ్గర్నుంచి ఇంకో రెండు ఉత్తరాలు వచ్చాయి. తనతో పడవలో వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోతున్నారు, తను మాత్రం ఉండిపోయాడు.

మళ్ళీ గుంటూరు వెళ్ళాం. ఈసారి పెద్దాయన ఆఫీసు మాటగా కాకుండా చెప్పాడు.

"ఒకటే దారి ఉందమ్మా. మీ పేరు వల్లే కదా ఫైలు ఆగింది. అతన్ని నేను తెచ్చుకోలేను అని మీరే రాసి, సంతకం పెట్టి పంపండి. అప్పుడు ఇంకో దేశం తీసుకుంటుంది."

పిన్నికి ఆ మాట అర్థమవలేదనుకుని నేను మళ్ళీ చెప్పబోయాను. "అర్థమైందమ్మా," అంది. రేపల్లె బండిలో కిటికీ పక్కన కూర్చుంది. భట్టిప్రోలు వచ్చాక, "వాడు అబద్ధం ఆడి ఉంటే ఈపాటికి వెళ్ళిపోయేవాడు. అక్క లేదని చెప్పి ఉంటే," అంది.

భర్త వాడిన టైపు మిషను ఇంట్లో ఉండేది. ఆ సాయంత్రం కాగితం ఎక్కించి కూర్చున్నాను. ఆవిడ ఎదురుగా పీట వేసుకుని చెప్పడం మొదలుపెట్టింది. గది ఉంది. మంచం ఉంది. ఫ్యాను కొత్తది. దర్జీ పని వాడికీ వచ్చు, రేపల్లెలో దర్జీలకు పని ఉంది. అర పేజీ అయ్యాక ఆగి, "ఇది కాదు కదా," అంది. కాగితం లాగేశాను. మర్నాడు బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉన్న బట్టలన్నీ ఉతుకుతోంది, ఉతికినవి కూడా. ఆ రోజు కాగితం మాట ఎత్తలేదు. మూడో రోజు రెండు వాక్యాలు చెప్పి లేచిపోయింది. నాలుగో రోజు స్నానం చేసి, జడ వేసుకుని, నా పక్కన కుర్చీలో కూర్చుంది.

ఆవిడ చెప్పింది తెలుగులో. నేను టైపు చేసింది ఇంగ్లీషులో. నాకు తెలుగు మాటలే గుర్తున్నాయి.

"అయ్యా, ఇతను నా తమ్ముడు. నాకు ఇల్లు ఉంది, వండిపెట్టగలను. నేను ఉంటున్న దేశంలో ఇతన్ని రానిచ్చే ఏర్పాటు లేదని చెప్పారు. అందుకని నేను ఇతన్ని తెచ్చుకోలేను. మీరు తీసుకోండి. ఇతనికి దర్జీ పని వచ్చు. చల్లగాలి తగిలితే ఎడమ చెవి నొప్పి చేస్తుంది."

"చెవి సంగతి ఆఫీసు ఉత్తరంలో ఎందుకు పిన్నీ?" అన్నాను.

"ఉండాలి," అంది. "అది లేకపోతే ఇది రాసింది అక్క అని వాళ్ళకెలా తెలుస్తుంది?"

టైపు చేశాను. ఆవిడ కింద వాళ్ళ అక్షరాల్లో సంతకం పెట్టింది. పోస్టు డబ్బాలో వేయకుండా, కవరును రెండు చేతులతో పట్టుకుని పోస్టాఫీసు లోపలికి వెళ్ళి, గుమస్తా చేతికి ఇచ్చి వచ్చింది.

అదే ఏడాది అతన్ని కెనడా తీసుకుంది. ఆ విషయం శిబిరం వాళ్ళు రాసిన కార్డు వల్ల తెలిసింది. తమ్ముడు రాయలేదు. పిన్ని ఆ కార్డులో ఇచ్చిన చిరునామాకు ఉత్తరం తర్వాత ఉత్తరం రాసింది. ఏడాది, రెండేళ్ళు, ఆరేళ్ళు. జవాబు లేదు. పోస్టుమాన్ మా ఇంటి ముందు సైకిలు దిగకుండా, తల అడ్డంగా ఊపి వెళ్ళేవాడు. నా పెళ్ళికి ఆవిడే బట్టలు కుట్టింది. నా కూతురు పుడితే తనే మొదట ఎత్తుకుంది. మా అమ్మ చనిపోయినప్పుడు నా పక్కన నేల మీద పడుకుంది. ఒక్కసారి కూడా తమ్ముడు రాయట్లేదని నా దగ్గర ఏడవలేదు. "చలి ఎక్కువ ఉంటుందటగా అక్కడ," అని మాత్రం అనేది.

ఏడో ఏట ఉత్తరం కాదు, టెలిగ్రామే వచ్చింది. ఫలానా రోజు మద్రాసు నుంచి తెనాలి వస్తున్నానని.

తెనాలి స్టేషనుకు ఇద్దరం వెళ్ళాం. కోటు వేసుకున్న ఒక సన్నటి మనిషి పెట్టె దించుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు. పిన్ని దగ్గరికి వెళ్ళి నోరు తెరిచింది. తెలుగు వచ్చింది. "ఇంత ఎండలో ఆ కోటేంటి, తియ్యి ముందు," అంది. అతను అర్థం కాక చూశాడు. ఆవిడ నోటి మీద చెయ్యి వేసుకుంది. వాళ్ళ భాష మాట్లాడి పదేళ్ళు దాటింది. మాట కోసం వెతుక్కుంటూ నిలబడిపోయింది. అతను కోటు విప్పి చేతిమీద వేసుకున్నాడు. ఆ మాత్రం ఏ భాషలో చెప్పినా తెలుస్తుంది.

పది రోజులు ఉన్నాడు. రెండో రోజుకల్లా పిన్నికి భాష తిరిగొచ్చింది. వరండాలో కూర్చుని అక్కకు కాజాలు కుట్టిపెట్టేవాడు. సూర్యలంక బీచికి తీసుకెళ్తానంటే రానన్నాడు. సముద్రం చూడలేనన్నాడు. ఉత్తరం సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

వెళ్ళాల్సిన రోజు మధ్యాహ్నం, పిన్ని లోపల దారిలోకి అన్నం కడుతుండగా, వరండాలో నాతో ఇంగ్లీషులో అన్నాడు. "ఆ ఉత్తరం మీరే టైపు చేశారా?"

అవునన్నాను.

"శిబిరంలో మాటలు తర్జుమా చేసే దుబాసీ నాకు ఒక్క వాక్యమే చెప్పాడు. మీ అక్క నిన్ను తీసుకోలేనంటోంది అని. మిగతాది నేను వినలేదు. వినాలనిపించలేదు. ఆరేళ్ళు కోపం పెట్టుకున్నాను. పోయినేడు మా అత్తగారిని శిబిరం నుంచి తెప్పించుకోవడానికి నన్నొక కాగితం రాయమన్నారు. ఈమె బాధ్యత నేను తీసుకోగలను అని. ఐదు నిమిషాల్లో రాసేశాను. సంతకం పెడుతుంటే అక్క గుర్తొచ్చింది. తీసుకోలేను అని రాయడానికి ఎంతసేపు పట్టి ఉంటుందో అనిపించింది."

"నాలుగు రోజులు," అన్నాను. ఉత్తరంలో ఇంకా ఏమేం ఉన్నాయో చెప్పాను. ఇల్లు ఉందని రాసింది. వండిపెడతానని రాసింది. చెవి సంగతి రాసింది.

అతను లేచి లోపలికి వెళ్ళాడు. వాళ్ళ మాటలు నాకు తెలియవు. మొదట అతని గొంతు, తర్వాత పిన్ని గొంతు వినిపించాయి. తర్వాత ఇద్దరూ ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టారు. ఏళ్ళ తరబడి ఆగిన మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తున్నాయి. మధ్యలో పిన్ని నవ్వింది. ఆ నవ్వు నేను అంతకుముందు వినలేదు. ఎవరికో చెల్లెలూ ఎవరికో అక్కా అయిన చిన్నపిల్ల నవ్వు అది.

నేను వరండాలో అతని పెట్టె పక్కన కూర్చుని ఉన్నాను. బండికి టైమవుతోందని లోపలికి వెళ్ళి చెప్పాలి. నా పని అదే. చెప్పలేదు. స్టేషను వైపు నుంచి కూత వినిపించింది. కాసేపటికి తెనాలి బండి కదిలిన చప్పుడు కూడా వినిపించింది. లోపల వాళ్ళకు వినిపించలేదు.

పెట్టె తీసి రెండో గదిలో పెట్టాను.